షేక్‌స్పియర్ కోసం ఏ సైటు చూడాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో, ఇంగ్లిష్ సాహిత్యం చదివేవాళ్లకి ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఏమేం దొరుకుతాయో అడగమన్నాం. వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు చాలావరకు షేక్‌స్పియర్ మీదే. సిలబస్‌లో తిష్ట వేసుకుని కూర్చున్నది ఆయనే కాబట్టి అందులో వింతేం లేదు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. పేర్లు వేయొద్దని కొందరు కోరారు, అందుకని అందరివీ తీసేసి ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లిష్ చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో కింగ్ లియర్ ఉంది. నేను నెట్‌లోంచి దించుకున్న కాపీలో నాటకం ఆఖరి మాటలు ఎడ్గర్ అంటాడు. నా రూమ్మేట్ కాపీలో అవే మాటలు ఆల్బనీ అంటాడు. రెండూ మంచి సైట్లే. ఎవరి కాపీ తప్పు? పరీక్షలో ఏం రాయాలి?
– హనుమకొండ

జవాబు: ఎవరిదీ తప్పు కాదమ్మా. మీ ఇద్దరి కాపీల వెనకా ఉన్న పాత అచ్చులు వేరు, అంతే. లియర్ షేక్‌స్పియర్ బతికుండగానే 1608లో చిన్న సైజు పుస్తకంగా వచ్చింది, దాన్ని క్వార్టో అంటారు. ఆయన 1616లో పోయారు. తర్వాత 1623లో తోటి నటులు హెమింజ్, కాండెల్ పూనుకుని 36 నాటకాల్ని ఒక్క పెద్ద పుస్తకంగా వేయించారు, అది ఫస్ట్ ఫోలియో. ఈ రెండు చోట్లా ఉన్న లియర్ అచ్చంగా ఒకటి కాదు. క్వార్టోలో ఉన్న దాదాపు 300 లైన్లు ఫోలియోలో లేవు, ఫోలియోలో ఉన్న ఓ 100 లైన్లు క్వార్టోలో లేవు. మతి చెడిన లియర్ తన ఇద్దరు కూతుళ్లనీ బోనులో నిలబెట్టినట్టు ఊహించుకుని విచారణ జరిపిస్తాడే, ఆ భాగం క్వార్టోలోనే ఉంది. తుఫానులో విదూషకుడు ఒంటరిగా నిలబడి చెప్పే జోస్యం ఫోలియోలోనే ఉంది.

ఆఖరి పేజీలో తేడా ఇంకా గట్టిది. క్వార్టోలో "గుండె పగిలిపో" అనే మాట లియర్‌ది, ఆ మాటతోనే ప్రాణం పోతుంది. ఫోలియోలో ఆ మాట లియర్ నమ్మిన బంటు కెంట్‌కి ఇచ్చారు. లియర్ మాత్రం చచ్చిపోయిన కార్డీలియా పెదాల వంక చూపిస్తూ, అదిగో చూడండి, చూడండి అంటూ పోతాడు. కూతురు ఊపిరి పీలుస్తోందన్న భ్రమలో సంతోషంగా పోయాడా, లేక నిజం తెలిసే పోయాడా అని విమర్శకులు కొట్టుకునేదంతా ఈ ఫోలియో లైన్ల మీదే. ఆ తర్వాత వచ్చే చివరి నాలుగు లైన్లు క్వార్టోలో లియర్ పెద్దల్లుడు ఆల్బనీవి, ఫోలియోలో గ్లాస్టర్ ప్రభువు కొడుకు ఎడ్గర్‌వి. రాజ్యం ఇక ఎవరి చేతిలోకి వెళ్తుందన్న ప్రశ్న కూడా దీంతో మారిపోతుంది, ఎందుకంటే ఆఖరి మాట ఎవరిదైతే పెద్దరికం వాళ్లదన్నట్టు ఉంటుంది కదా.

మీది ఫోల్జర్ లైబ్రరీ సైటు కాపీ అయ్యుంటుంది, అది లియర్‌ని ఫోలియో ఆధారంగా ఇస్తుంది. మీ రూమ్మేట్‌ది ఎంఐటీ వాళ్ల పాత సైటు కావచ్చు. 1993లో వెబ్ ఇంకా పసిగుడ్డుగా ఉన్నప్పుడే పెట్టిన పేజీలవి, వేగంగా తెరుచుకుంటాయి, ఫోన్‌లో చదవడానికి హాయిగా ఉంటాయి. కానీ అందులో ఉన్నది పంతొమ్మిదో శతాబ్దపు పద్ధతిలో క్వార్టోనీ ఫోలియోనీ కలిపి కుట్టిన పాఠం. లియర్ చనిపోయే లైన్లు ఫోలియోవి, ఆఖరి నాలుగు లైన్లు క్వార్టో ఇచ్చినట్టు ఆల్బనీకి. ఏ లైను ఎక్కడిదో ఆ పేజీ మీకు చెప్పదు. నాకు పేచీ అక్కడే.

ఏ సైటు తెరిచినా ముందు చూడాల్సింది ఇదొక్కటే: ఇది ఏ అచ్చులోంచి తీసిన పాఠం, ఆ సంగతి సైటు ఒప్పుకుంటోందా లేదా. మన బ్రౌన్ దొర వేమన పద్యాలకి ఊరూరా తాళపత్రాలు పోగేసి పాఠాంతరాలు సరిచూసుకున్నట్టే, షేక్‌స్పియర్‌కీ ఆ పని వందల ఏళ్లుగా నడుస్తోంది. ఫోల్జర్ ఎడిషన్‌లో లైన్ల చుట్టూ కనబడే బ్రాకెట్లని చాలామంది అచ్చుతప్పులనుకుని వదిలేస్తారు. లియర్‌లో చదరపు బ్రాకెట్ ఉంటే ఆ లైన్లు క్వార్టోలోనే ఉన్నాయని, కోసుగా ఉన్న బ్రాకెట్ అయితే ఫోలియోలోనే ఉన్నాయని గుర్తు. వేరే నాటకానికి వెళ్తే ముందు అక్కడి వివరణ చదవండి, ఎందుకంటే అన్ని నాటకాలకీ ఆధారం ఒకటే కాదు, హామ్లెట్‌కి వాళ్లు రెండో క్వార్టోని తీసుకున్నారు. పీడీఎఫ్, వర్డ్ ఫైలు, ఏది కావాలన్నా డబ్బు కట్టకుండా దించుకోవచ్చు. ఒక్క లోటు ఏంటంటే, వాళ్ల అచ్చు పుస్తకంలో ఎడమ పేజీలో ఉండే అర్థాలు, వివరణలు వెబ్‌లో లేవు.

పాత స్పెల్లింగ్‌తో క్వార్టో, ఫోలియో విడివిడిగా చదవాలనుంటే కెనడాలోని యూనివర్సిటీ ఆఫ్ విక్టోరియా 1996లో మొదలుపెట్టిన ఇంటర్నెట్ షేక్‌స్పియర్ ఎడిషన్స్‌కి వెళ్లండి. రెండు ట్యాబుల్లో రెండు లియర్లూ తెరిచి ఆఖరి పేజీ ఒక్కటి పక్కపక్కన పెట్టుకుని చూస్తే, నేను పైన చెప్పిన తేడాలన్నీ మీకే కనబడతాయి. పరీక్షలో మాత్రం ఒక్క వాక్యం చాలు: ఫోలియోలో ఎడ్గర్, 1608 క్వార్టోలో ఆల్బనీ. దిద్దేవాళ్లకి ఆ వాక్యం కనబడితే మీరు గైడు బట్టీ పట్టలేదని అర్థమైపోతుంది.

ప్రశ్న: మా వాకింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే షేక్‌స్పియర్ సూక్తులు వస్తాయి. "ఆశించడమే అన్ని గుండెకోతలకీ మూలం" అని మొన్న ఒకటి వచ్చింది. నిజంగా ఆయన అన్నాడా? ఇంకో మిత్రుడు అసలు షేక్‌స్పియర్ అనేవాడే ఈ నాటకాలు రాయలేదని వీడియోలు పంపుతున్నాడు. రిటైరయ్యాక ఖాళీయే, తేల్చుకునే దారి చెప్పండి.
– రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, ఆ గుండెకోత సూక్తి షేక్‌స్పియర్ ఏ నాటకంలోనూ లేదు. తేల్చుకోవడం తేలిక. అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్ సోర్స్ షేక్‌స్పియర్ అనే సైటులో నాటకాలు, పద్యాలు అన్నింటిలో ఒకేసారి పదం వెతకొచ్చు. సూక్తిలోని ఒక గట్టి మాట ఇంగ్లిష్‌లో కొట్టండి. ఉంటే అంకం, రంగం, ఎవరన్నారో కూడా చూపిస్తుంది. అన్నీ దొంగవే అనుకోకండి. అందరినీ ప్రేమించు, కొందరినే నమ్ము, ఎవరికీ కీడు చేయకు అనేది నిఖార్సైన షేక్‌స్పియర్, ఆల్స్ వెల్ దట్ ఎండ్స్ వెల్ మొదటి రంగంలోనే ఒక తల్లి ఊరు వెళ్తున్న కొడుక్కి చెబుతుంది. ఇంకో చిక్కు ఏంటంటే, మాట నిజమే అయినా అన్నది ఎవరో చూసుకోవాలి. "నీకు నువ్వు నిజాయితీగా ఉండు" అని పోస్టర్లేసి గోడలకి తగిలించుకుంటారు, హామ్లెట్‌లో ఆ మాట అనేది పొలోనియస్, కొడుకు మీద నిఘా పెట్టడానికి మనిషిని పంపిన తండ్రి.

రెండో ప్రశ్నకి షేక్‌స్పియర్ డాక్యుమెంటెడ్ అనే సైటు చూడండి. ఫోల్జర్ లైబ్రరీ మరికొన్ని పెద్ద సంస్థలతో కలిసి 2016లో తెరిచింది. 1564 ఏప్రిల్ 26న స్ట్రాట్‌ఫర్డ్ చర్చి రిజిస్టర్‌లో రాసిన బాప్టిజం ఎంట్రీ మొదలు, భార్యకి రెండో మంచి మంచం రాసిచ్చిన 1616 వీలునామా దాకా, ఆయన బతికున్న కాలపు కాగితాలు ఫొటోలతో ఉన్నాయి. వీడియో పంపిన మిత్రుణ్ని ఒక్కటే అడగండి, అలాంటి కాగితం తన పక్షాన ఒక్కటి చూపించమని. వాకింగ్‌లో మంచి కాలక్షేపం.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతున్నాను. సెమినార్ కోసం "షేక్‌స్పియర్ నాటకాల్లో ఇండియా" అనే పేపర్ అనుకుంటున్నాను. ఓపెన్ సోర్స్ షేక్‌స్పియర్‌లో "ఇండియా" అని కొడితే వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే వచ్చాయి. ఇంత చిన్న సరుకుతో పేపర్ అవుతుందా? మానేయమంటారా?
– మచిలీపట్నం

జవాబు: మానేయకండి, పైగా మచిలీపట్నంలో కూర్చుని ఈ పేపర్ మానేస్తే నేను ఊరుకోను. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు వెతకడం సంగతి. ఒక్క మాట కొట్టి ఆపేశారు. ఇండియాతో పాటు ఇండియన్, ఇండీస్ కొట్టండి, ఆ తర్వాత ఉత్త "ఇండ్" కొట్టండి, ఎందుకంటే యాజ్ యు లైక్ ఇట్‌లో రోజలిండ్ పేరుకి ప్రాస కలపడానికి ఒర్లాండో తూర్పు నుంచి పడమటి ఇండ్ దాకా అంటాడు. అదే మాట చివర ఒక "ఇ" తగిలించి కొట్టినా మరికొన్ని వస్తాయి, ఆ కాలంలో స్పెల్లింగ్ ఎవరి ఇష్టం వాళ్లది. ఇప్పుడు చేతిలోకి వచ్చినవాటిని నాలుగు కుప్పలు పెట్టుకుంటే పేపర్ దానంతటదే నడుస్తుంది. బంగారం, రత్నాలు, ముత్యాలు ఒక కుప్ప: ట్రాయిలస్ తన క్రెసిడా పడుకున్న మంచమే ఇండియా, ఆమె అందులో ముత్యం అంటాడు, ఒకటో భాగం నాలుగో హెన్రీలో ఒకాయన ఉదారగుణాన్ని ఇండియా గనులతో పోలుస్తారు. వ్యాపారం ఇంకో కుప్ప: మర్చంట్ ఆఫ్ వెనిస్‌లో ఆంటోనియో ఓడలు మునిగాయన్న కబురు వచ్చిన చోట, లిస్బన్, బార్బరీల పక్కనే ఇండియా పేరు ఉంటుంది. మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్ వేరే కుప్ప, ఆ నాటకంలో యక్షరాజూ రాణీ తగువులాడుకునేదే ఒక ఇండియన్ రాజు దగ్గర్నుంచి వచ్చిన పిల్లాడి కోసం, ఆ పిల్లాడికి నాటకం మొత్తంలో ఒక్క మాట కూడా లేదు. నాలుగోది జాగ్రత్త పడాల్సిన కుప్ప: టెంపెస్ట్‌లో చచ్చిన ఇండియన్‌ని చూడ్డానికి జనం డబ్బులిస్తారని ట్రింక్యులో అంటాడే, అక్కడ తలుచుకున్నది మనవాళ్లని కాదు, అమెరికా ఆదివాసుల్ని. ఇండీస్ అంటే తూర్పా పడమరా అని ప్రతి చోటా విడిగా తేల్చుకోవాల్సిందే.

ఇక అసలు మెలిక. ఒథెల్లో చచ్చిపోయే ముందు, తన జాతి మొత్తం కంటే విలువైన ముత్యాన్ని విసిరేసుకున్న ఒక నీచుడితో తనని పోల్చుకుంటాడు. ఓపెన్ సోర్స్ షేక్‌స్పియర్‌లో వెతికితే ఆ నీచుడు ఇండియన్ అని వస్తుంది. 1622 క్వార్టోలో కూడా అదే. కానీ 1623 ఫోలియోలో అది జుడియన్ అని ఉంది, అంటే యూదయ దేశస్థుడు, హేరోదు రాజో, క్రీస్తుని పట్టించిన యూదానో అని వాదించుకుంటారు. పాత అచ్చులో జె బదులు ఐ వాడేవారు, ఎన్, యు అక్షరాలు తలకిందులు పడటమూ మామూలే, కాబట్టి అచ్చుకూడంలో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే మనిషి దేశమే మారిపోతుంది. ఫోల్జర్ పాఠం ఫోలియోని పట్టుకుని జుడియన్ అనే ఇస్తుంది. అంటే మీరు ఫోల్జర్‌లో వెతికుంటే ఒథెల్లో మీ లెక్కలోకే వచ్చేది కాదు. దీని మీద పంతొమ్మిదో శతాబ్దం వరకు ఎవరేమన్నారో కావాలంటే ఫర్నెస్ సంపాదకత్వంలో వచ్చిన 1886 నాటి న్యూ వేరియోరమ్ (పాఠాంతరాలు, పాత వ్యాఖ్యలు పోగేసిన ఎడిషన్) ఒథెల్లో ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉంది, పేజీల కొద్దీ నోట్ రాశాడాయన.

ఇప్పుడు మీ ఊరి సంగతికొస్తాను. మాక్బెత్‌లో మొదటి మంత్రగత్తె ఒక ఆవిడ మొగుడు టైగర్ అనే ఓడకి సరంగుగా అలెప్పో వెళ్లాడంటుంది. రాల్ఫ్ ఫిచ్ అనే లండన్ వర్తకుడు 1583లో టైగర్ అనే ఓడ ఎక్కి ట్రిపోలీలో దిగి, అలెప్పో మీదుగా మన దేశం వచ్చాడు, 1591లో తిరిగి వెళ్లాడు. ఆయన రాసింది రిచర్డ్ హక్లూట్ వేసిన యాత్రా సంకలనంలో 1598–1600 మధ్య అచ్చయింది. పాత నోట్సులన్నింటిలో మాక్బెత్ టైగర్‌కి ఈ ఫిచ్ ప్రయాణాన్నే చూపిస్తారు. 1604లో బయలుదేరి నానా అగచాట్లూ పడి 1606లో ఇంటికి చేరిన ఇంకో టైగర్‌ని చూపించేవాళ్లూ ఉన్నారు, మాక్బెత్ కాలానికి అదే దగ్గర కూడా. మీ పేపర్‌లో రెండూ పెట్టండి. ఫిచ్ మాత్రం గోల్కొండ చూశాడు, కుతుబ్‌షా పేరు తన తంటాలేవో పడి రాశాడు, ఇటుకలతో కలపతో కట్టిన ఇళ్లు బాగున్నాయన్నాడు, అక్కడికి ఎనిమిది రోజుల ప్రయాణంలో ఉన్న ఓడరేవుకి బర్మాలోని పెగూ నుంచి, సుమత్రా నుంచి మిరియాలు, సుగంధద్రవ్యాలు నింపుకుని ఓడలొస్తాయన్నాడు. ఆ ఓడరేవు మీదే. కాకపోతే మచిలీపట్నం అని కొట్టినా, ఇంగ్లిష్ వాళ్లు తర్వాత రాసిన మసులిపటం అని కొట్టినా దొరకదు, ఫిచ్ రాసింది "మసులిపటాన్", చివర ఎమ్ కాదు, ఎన్.

హక్లూట్ సంకలనం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతుంది. ఆ కాలపు మిగతా పుస్తకాల కోసం ఈఈబీఓ-టీసీపీ అనే భాండాగారం ఉంది, 1700కి ముందు అచ్చయిన ఇంగ్లిష్ పుస్తకాల్ని టైపు చేయించి పెట్టారు, 2015లో తొలి విడతగా సుమారు 25,000 పుస్తకాలు జనానికి వదిలారు. మాటలకి ఆ కాలపు అర్థం కావాలంటే టొరంటో యూనివర్సిటీ వాళ్ల లెక్సికన్స్ ఆఫ్ ఎర్లీ మోడర్న్ ఇంగ్లిష్ చూడండి, షేక్‌స్పియర్ కాలంలోనే వచ్చిన నిఘంటువులెన్నింటినో ఒకచోట వెతకొచ్చు. సెమినార్ అయ్యాక పేపర్ నాకూ పంపండి.

ప్రశ్న: పీహెచ్‌డీ చేస్తున్నాను, ప్రైవేటు కాలేజీలో పార్ట్ టైమ్ పాఠాలు. మంచి వ్యాసం కనబడగానే 40 డాలర్లు కట్టమంటోంది. స్కాలర్‌షిప్ లేదు. ఏఐని అడిగితే వ్యాసాల పేర్లు, పేజీ నంబర్లతో సహా చక్కగా ఇచ్చింది కానీ వాటిలో సగం ఎక్కడా దొరకట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– గుంటూరు

జవాబు: దొరకనివి లేనివే అయ్యుంటాయి, వాటి కోసం ఇంకో రాత్రి పాడుచేసుకోకండి. ఏఐ నిజమైన పండితుడి పేరు, నిజమైన పత్రిక పేరు తీసుకుని మధ్యలో పుట్టని వ్యాసం ఒకటి అల్లేస్తుంది, చూడ్డానికి దోషం కనబడదు. ఆ జాబితాని పత్రిక సైటులో సంపుటి, పేజీ చూసి సరిపోల్చుకోకుండా థీసిస్‌లోకి ఎక్కించారా, వైవాలో దొరికిపోతారు.

వ్యాసాల విషయానికొస్తే, మీరు రిజిస్టరైంది ప్రభుత్వ యూనివర్సిటీలో అయితే ముందు అక్కడి లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లండి. 2025 జనవరి నుంచి కేంద్రం "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" అమలు చేస్తోంది, 30 పెద్ద ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవాళ్లకి తెరుచుకుంటాయి. లాగిన్ అడగనివాళ్లకి లాగిన్ రాదు, అంతే. మీరు పాఠాలు చెప్పే కాలేజీకి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఎన్-లిస్ట్ (కాలేజీలకి ఈ-పత్రికలు, ఈ-పుస్తకాలు అందించే పథకం) ఉందేమో కూడా కనుక్కోండి. ఈ రెండూ కుదరకపోతే పత్రికల పాత సంచికలు దాచే జేస్టోర్ సైటులో సొంత మెయిల్‌తో ఖాతా తెరవండి, నెలకి 100 వ్యాసాల దాకా స్క్రీన్ మీద చదవనిస్తారు, దించుకోనివ్వరు. షేక్‌స్పియర్ క్వార్టర్లీ పాత సంచికలు అందులో ఉన్నాయి. నెలకి 100 వ్యాసాలు చదివే పీహెచ్‌డీ స్కాలర్ ఉంటే నాకు చూపించండి, దణ్ణం పెడతాను. పూర్తిగా ఫ్రీగా నడిచే పత్రికలూ ఉన్నాయి: షేక్‌స్పియర్‌ని వేరే దేశాల వాళ్లు, వేరే కళల వాళ్లు ఎలా వాడుకున్నారన్న దాని మీద "బారోయర్స్ అండ్ లెండర్స్" 2005 నుంచి వస్తోంది, "ఎర్లీ మోడర్న్ లిటరరీ స్టడీస్" అంతకంటే పాతది.

శోధగంగలో మన యూనివర్సిటీల థీసిస్‌లు వందల కొద్దీ ఉన్నాయి. వాటిని మీ టాపిక్ మీద ఎవరెంత దూరం వెళ్లారో చూసుకోవడానికి వాడండి. అందులోని కోట్‌ని అక్కడి నుంచే ఎత్తి రాసుకోకండి, ఒకరి తప్పు పది థీసిస్‌ల్లోకి పాకిపోతుంటుంది.

ఇంకో మాట. ఆన్‌లైన్‌లో ఉంది కదా అని ధీమాగా ఉండకండి. 2023 అక్టోబర్‌లో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి వాళ్ల డిజిటల్ సేవలు నెలల తరబడి మూతపడ్డాయి, అక్కడి స్కాన్‌ల మీద ఆధారపడ్డవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. పనికొచ్చే పేజీ కనబడిన రోజే ఫైలు దాచుకుని, ఏ తేదీన చూశారో రాసిపెట్టుకోండి. లింకు చచ్చిపోతే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోని వేబ్యాక్ మెషీన్‌లో ఆ అడ్రసు కొట్టి చూడండి, చాలాసార్లు బయటపడుతుంది.

ప్రశ్న: మా నాటక సమాజం కోసం షేక్‌స్పియర్ పాత తెలుగు అనువాదాలు వెతుకుతున్నాను. నెట్‌లో తెలుగులో కొడితే ఏమీ రావట్లేదు. అలాగే గుణసుందరి కథ సినిమాకి కింగ్ లియర్ మూలమంటారు. లియర్ విషాదం, సినిమా సుఖాంతం, మరి ఎలా మూలమవుతుంది?
– తెనాలి

జవాబు: మీరు తెలుగు లిపిలో కొట్టడం వల్లే రావట్లేదు. మన పాత పుస్తకాల్ని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ చేసినప్పుడు పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు, అదీ ఎక్కించినవాళ్లకి తోచిన స్పెల్లింగ్‌తో. ఆ స్కాన్‌లే ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. కందుకూరి వీరేశలింగం కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌ని "చమత్కార రత్నావళి"గా తెచ్చారు. ఆ పేరుని ఇంగ్లిష్‌లో ఒత్తులు తీసేసి, దీర్ఘాలు పెట్టి, దీర్ఘాలు తీసి, మాటల మధ్య ఖాళీ వదిలి, వదలకుండా, ఓపికున్నన్ని రకాలుగా కొట్టండి. పుస్తకం పేరుతో రాకపోతే రచయిత ఇంటిపేరుతో, అదీ కాకపోతే వీరేశలింగం గ్రంథావళి సంపుటాల్లో. వావిలాల వాసుదేవశాస్త్రి జూలియస్ సీజర్‌ని "సీజరు చరిత్రము"గా పద్యాల్లో పెట్టారు, తెలుగులోకి వచ్చిన తొలి షేక్‌స్పియర్‌గా దాన్నే చెబుతారు. తెలుగు వికీసోర్స్ కూడా చూడండి, అక్కడైతే తెలుగు లిపిలోనే వెతకొచ్చు. ప్రదర్శనకి మాత్రం ఆ గ్రాంథికం నోరు తిరగదు, మీరే తిరగరాసుకోవాలి.

ఇక గుణసుందరి. 1949లో కె.వి.రెడ్డి తీసిన సినిమా. రాజు ముగ్గురు కూతుళ్లని తన మీద ప్రేమ ఎంతని అడగడం, ఇద్దరు పొగడటం, చిన్నది పెళ్లయ్యాక భర్తే ముఖ్యమనడం, తండ్రికి కోపం రావడం, ఇదంతా లియర్ మొదటి రంగమే. కార్డీలియా కూడా, పెళ్లయితే నా ప్రేమలో సగం భర్తకి పోతుంది అంటుంది, చూడండి. సుఖాంతం సంగతి అంటారా, లియర్ కథకి విషాదం తగిలించింది షేక్‌స్పియరే. ఆయన చూసిన హాలిన్‌షెడ్ చరిత్రలో ముసలి రాజు చిన్న కూతురి సాయంతో మళ్లీ గద్దెనెక్కుతాడు. 1577, 1587 అచ్చులు రెండూ పక్కపక్కన ఆక్స్‌ఫర్డ్ వాళ్ల హాలిన్‌షెడ్ ప్రాజెక్ట్‌లో చదువుకోవచ్చు. షేక్‌స్పియర్ కంటే ముందే లియర్ మీద ఇంకో నాటకం ఉంది, రాసినవాడి పేరు లేదు, 1605లో అచ్చయింది, అదీ సుఖాంతమే. 1594 ఏప్రిల్‌లో అది ఆడినట్టు హెన్‌స్లో అనే థియేటర్ యజమాని తన చిట్టాలో వసూళ్లతో సహా రాసుకున్నాడు, ఆ చిట్టా పేజీల ఫొటోలు డల్విచ్ కాలేజీ వాళ్ల హెన్‌స్లో-ఆలిన్ ప్రాజెక్ట్‌లో ఉన్నాయి. ఒక నాటక సమాజం నడిపే మనిషిగా మీకు అది తప్పకుండా నచ్చుతుంది, ఏ రోజు ఏ నాటకానికి ఎన్ని షిల్లింగులు వచ్చాయో, బట్టలకెంత పోశారో అంతా ఉంది. షేక్‌స్పియర్ తర్వాత కూడా జనం ఆ విషాదాన్ని భరించలేకపోయారు. 1681లో నేహమ్ టేట్ కార్డీలియాకి ఎడ్గర్‌తో పెళ్లి చేసి తిరగరాస్తే, నూట యాభై ఏళ్లకి పైగా స్టేజీ మీద అదే ఆడింది. తండ్రి మీద ప్రేమని ఉప్పుతో పోల్చే కూతురి జానపద కథ ప్రపంచమంతా ఉంది, అది వేరే పాయ. కాబట్టి మీరు రాసేటప్పుడు గుణసుందరి మొదటి మలుపు లియర్‌ది అని రాయండి, ముగింపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆధారం దొరికేదాకా చెప్పకండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ తొమ్మిదో క్లాసు. రోమియో అండ్ జూలియట్ ఇచ్చారు. పక్కన ఈజీ ఇంగ్లిష్ ఇచ్చే సైటు చదివేసి అయిపోయిందంటోంది. నేను తెలుగు మీడియం, సాయం చేయలేకపోతున్నాను. బోర్ కొట్టకుండా ఏం చూపించాలి?
– ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఈజీ ఇంగ్లిష్ చదివితే చదవనివ్వండి, కథ తెలిశాక అసలు పాఠానికి రావడంలో తప్పులేదు. కాకపోతే అక్కడే ఆగిపోతే మార్కులు పోతాయి, టీచర్లు అడిగేది మాటల గురించి కదా. లిబ్రివాక్స్‌లో నాటకం మొత్తం గొంతులతో చదివింది ఫ్రీగా ఉంది. అది పెట్టుకుని ఫోల్జర్ పాఠం చూస్తూ వినమనండి, ఒక్కో రంగం చొప్పున. కారులో స్కూలుకి వెళ్లేటప్పుడు మీరూ వినండి, పద్యం నడక పట్టుకోవడానికి ఏ మీడియం అయితేనేం. ఎంఐటీ వాళ్ల గ్లోబల్ షేక్‌స్పియర్స్‌లో వేరే వేరే దేశాల ప్రదర్శనల వీడియోలు ఉన్నాయి, ఇండియావి కూడా, అమ్మాయికి సరదాగా ఉంటుంది.

ప్రాజెక్ట్ ఏదైనా ఇస్తే బోడ్లియన్ లైబ్రరీ ఫస్ట్ ఫోలియో చూపించండి. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ఆ కాపీని కొత్త ఎడిషన్ వచ్చిందని 1660లలో పాతసామాను కింద అమ్మేశారు. 1905లో ఒక విద్యార్థి తమ ఇంట్లోని పాత పుస్తకం బైండింగ్ గురించి అడగడానికి పట్టుకొస్తే, అది తమదేనని లైబ్రరీవాళ్లు గుర్తుపట్టి, చందాలు వేసుకుని 3,000 పౌండ్లకి వెనక్కి కొనుక్కున్నారు. ఇప్పుడు ప్రతి పేజీ ఆన్‌లైన్‌లో ఉంది. పదిహేడో శతాబ్దపు కుర్రాళ్ల మోచేతులు ఆనీ ఆనీ ఎక్కువగా అరిగిపోయినవి రోమియో అండ్ జూలియట్ పేజీలే, చారిత్రక నాటకాల పేజీలు దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. ఏ నాటకం ఎంత అరిగిందో పోల్చి రాయమంటే మీ అమ్మాయి వద్దనదు.

స్కూల్లో కంఠతా పట్టించే 14 లైన్ల ప్రోలాగ్ మాత్రం ఆ ఫోలియోలో వెతకొద్దని చెప్పండి, అందులో వేయలేదు. అది 1599 క్వార్టోలో ఉంది, 1597 క్వార్టోలో అయితే 12 లైన్లే. రెండూ ఇంటర్నెట్ షేక్‌స్పియర్ ఎడిషన్స్‌లో చదువుకోవచ్చు.